ఆత్మభావన – జీవిత దశలు: ఒక భావన చారిత్రక పరిణామం

‘నేను ఎవరిని?’ అనే ప్రశ్న వేదాంతానికి ఎంత పాతదో మనోవిజ్ఞానానికి అంత కొత్తది. వేదాంతం అన్వేషించింది మార్పులేని ఆత్మను. మనోవిజ్ఞానం పరిశీలించేది మారుతూ ఉండే ఆత్మభావనను. అంటే వ్యక్తి తన రూపం, శక్తిసామర్థ్యాలు, సంబంధాలు, విలువల గురించి ఏర్పరచుకొన్న అభిప్రాయాల సముదాయాన్ని. మనిషి జీవితం శైశవంతో మొదలై వార్ధక్యంతో ముగుస్తుంది. ఆత్మభావన అధ్యయన చరిత్ర మాత్రం ఆ వరుసలో సాగలేదు. ఈ క్రమభేదానికి ఆధారాల స్వభావం ఒక ముఖ్య కారణమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువరించిన మనోవిజ్ఞాన గ్రంథంలో ‘ఎరిగే నేను’, ‘ఎరుకకు వచ్చే నేను’ అనే భేదాన్ని ప్రతిపాదించాడు. రెండవదానిని భౌతిక, సామాజిక, ఆధ్యాత్మిక విభాగాలుగా వివరించాడు. ఆయన ప్రధాన సాధనం అంతఃపరిశీలన. తన మనసును తాను గమనించి మాటల్లో పెట్టగలిగిన ప్రౌఢునికే అది సాధ్యం. కనుక ఆత్మభావన శాస్త్రం ప్రౌఢవయస్కుని నుండి ఆరంభమైంది.

1902లో చార్లెస్ హోర్టన్ కూలీ ఈ భావనకు సామాజిక మూలాన్ని చూపాడు. ఇతరులకు తాను ఎలా కనిపిస్తున్నాడో, వారు తనను ఎలా అంచనా వేస్తున్నారో ఊహించుకొని మనిషి గర్వాన్నో సిగ్గునో పొందుతాడని, ఇతరులు అతనికి అద్దం వంటివారని ఆయన వివరించాడు. ‘నేను’, ‘నాది’ వంటి మాటలను పసిబిడ్డ ఎలా నేర్చుకొంటుందో తన ఇంటనే గమనించి 1908లో ప్రకటించాడు. అయితే ఇది కూడా మాటపై ఆధారపడిన పరిశీలనే. మాటలు పూర్తిగా రాని శిశువు గురించి తెలుసుకోవడానికి మరో మార్గం కావలసివచ్చింది. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ శిశువుల ముక్కుపై రంగు పూసి అద్దం ముందు ఉంచింది. రెండేళ్ల వయసుకు చేరువవుతున్న వారిలో ఎక్కువమంది ఆ ప్రతిబింబం తమదేనని గుర్తించిన సూచనలు చూపారు.

వార్ధక్యం సంగతి ఇంతకంటె భిన్నం. వృద్ధులకు మాటలకు కొదవలేదు. వాటిని ఆధారంగా స్వీకరించేవారే తక్కువ. గతాన్ని పదేపదే తలచుకోవడం మతిమరుపుకో చాదస్తానికో గుర్తని భావించేవారు. అది జీవితాన్ని తిరిగి బేరీజు వేసుకొనే సహజ ప్రక్రియ అని 1963లో రాబర్ట్ బట్లర్ వాదించాడు.

అంతకుముందే, 1950లో, ఎరిక్ ఎరిక్సన్ శైశవం నుండి వార్ధక్యం వరకు ఎనిమిది దశలను ప్రతిపాదించి జీవితమంతటినీ ఒకే చట్రంలోకి తెచ్చాడు. ఆ సిద్ధాంతానికి భారతదేశంలో ఒక విశిష్టమైన అన్వయం లభించింది. జీవితచక్రంపై జరిగిన సదస్సు కోసం 1962లో ఆయన అహమ్మదాబాదు వచ్చాడు. 1918లో అక్కడి మిల్లు కార్మికుల సమ్మె సమయంలో గాంధీజీ చేసిన నిరాహారదీక్ష ఆయనను ఆకర్షించింది. అప్పటికి గాంధీజీ వయసు 48 సంవత్సరాలు. ఆయన ఆత్మకథ ధారావాహికగా మొదలైంది 1925లో. ఆ సంఘటనకు ఆత్మకథలో తగినంత ప్రాధాన్యం దక్కలేదని ఎరిక్సన్ గమనించాడు. 1969లో వెలువడిన గాంధీ అధ్యయనంలో, జ్ఞాపకాన్ని చదివేటప్పుడు అది జరిగిన కాలంతో పాటు, రచయిత దానిని ఏ జీవిత దశలో, ఎవరి కోసం రాశాడన్నదీ పరిశీలించాలని సూచించాడు.

ఈ సూత్రం తెలుగు ఆత్మకథల పరిశోధకులకూ ఉపయుక్తం. పెద్ద వయసులో రాసిన బాల్య వర్ణనను యథాతథంగా బాలుని ఆత్మభావనగా స్వీకరించడం పొరపాటు. అది ప్రధానంగా రాసిన నాటి ఆత్మభావనకు సాక్ష్యం. బాల్యానికి సంబంధించినంతవరకు పరోక్ష సాక్ష్యం మాత్రమే. అందుచేత ప్రతి ఆత్మకథకూ సంఘటన కాలం, రచనా కాలం అనే రెండు తేదీలను పక్కపక్కన ఉంచి చదవడం అవసరం. ఆ రెండింటి నడుమ ఉన్న దూరంలోనే వ్యక్తి ఆత్మభావన ఎలా మారిందో పరిశోధకునికి కనిపిస్తుంది.