ముల్లు ముందే చెబుతుంది

1976లో రోడ్డెక్కిన ప్రీమియర్ పద్మినికి 2026తో యాభై నిండుతాయి. తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకునే వీలు 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనలతో వచ్చింది. 20 వేల రూపాయలు కడితే నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ చేరుతుంది. పదేళ్లు చెల్లుతుంది. హన్మకొండలోనో కాజీపేటలోనో తాత కొన్న ఫియట్‌ను ముసుగు కప్పి కాపాడుకుంటున్న ఇళ్లకు ఇది నిజంగా మంచి కబురు. అయితే రంగు, సీటు కవర్లు తర్వాతి సంగతి. వరంగల్ ఎండల్లో ఆ ఇంజిన్ బతికి బట్టకట్టాలంటే డాష్‌బోర్డు కింద రెండు మూడు మీటర్లు అదనంగా బిగించుకోవాలి. ఈ మీటర్ల చరిత్ర వరంగల్‌కు పరాయిది కాదు. అది రైలెక్కి వచ్చింది.

అంతకు ముందు శతాబ్దాల గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. కాకతీయుల నాటి నుంచి ఓరుగల్లు దారులన్నీ ఎడ్లవి, గుర్రాలవి. ఎద్దు రొప్పితే బండివాడికి తెలిసేది, నురగ కక్కితే ఆపేవాడు. ఇనుప యంత్రం రొప్పదు. లోపల ఏం జరుగుతోందో దాని చేత చెప్పించడానికి మనిషి ఒక సాధనం కనిపెట్టాల్సి వచ్చింది.

ఆ పని 1849లో పారిస్‌లో జరిగింది. ఆవిరి యంత్రాలు చేసే యూజీన్ బూర్దాన్ కార్ఖానాలో చుట్టలు తిప్పిన ఒక గొట్టం పొరపాటున నొక్కుకుపోయింది. దాన్ని మళ్లీ గుండ్రంగా చేద్దామని లోపలికి నీటిని బలంగా పంపితే, ఒత్తిడి పెరిగేకొద్దీ గొట్టం చుట్ట విప్పుకోవడం మొదలుపెట్టింది. బూర్దాన్ ఆ కదలికను ఒక ముల్లుకు తగిలించాడు. లోకంలోని చాలా రైలింజన్లకు అది ప్రెజర్ మీటరు అయింది. నిజాం రైల్వే కాలంలో కాజీపేట జంక్షన్‌గా ఎదిగి, 1929కల్లా బల్లార్షా మార్గం పూర్తయి ఢిల్లీ, మద్రాసు రైళ్లు ఇటుగా నడిచాక, ఈ ప్రాంతపు డ్రైవర్లు, ఫైర్‌మన్లు రోజంతా ఆ ముల్లును చూస్తూ బతికారు. బాయిలరు ఎదుట నిలబడ్డ మనిషికి అది అలంకారం కాదు, ప్రాణం.

అదే రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులవి. వాటిలో ఒకదాన్ని ‘దక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాద్ బస్ భవన్‌లో ఇప్పటికీ ప్రదర్శనకు ఉంచారు. రైలూ బస్సూ ఒకే శాఖ కింద నడిచిన రోజులవి. ముల్లును నమ్మే అలవాటు పట్టాల మీద నుంచి రోడ్డు మీదకు ఇలా దిగింది.

తర్వాత వచ్చింది జీపు. డాష్‌బోర్డు అంటే ఎలా ఉండాలో దాన్ని చూసి నేర్చుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షల 40 వేలకు పైగా జీపులు తయారు చేశాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిపోయినవి డిస్పోజల్ జీపులుగా అమ్ముడయ్యాయి. 1947లో మహీంద్రా సంస్థ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం ఆరంభించింది. రెవెన్యూ, పోలీసు, అటవీ శాఖలకు దశాబ్దాల పాటు అదే బండి. ములుగు దాటి, పస్రా దాటి, తాడ్వాయి అడవిలోంచి ఏటూరునాగారం దాకా గోదావరి వైపు వెళ్లాలంటే అంతకన్నా నమ్మకమైనది దొరికేది కాదు.

ఆ జీపులో తలుపుల్లేవు, నెత్తిన గుడ్డ తప్ప కప్పు లేదు. సుఖం అన్న మాటే లేదు. కానీ రేకు డాష్‌బోర్డు మీద అయిదు మీటర్లుండేవి. స్పీడు చెప్పే పెద్దది, దాని పక్కన నాలుగు చిన్నవి: పెట్రోలు, ఆయిల్ ప్రెజర్, ఆంపియర్, నీళ్ల వేడి. అడవి మధ్యలో ఆగిపోతే సాయానికి వచ్చేవాడు ఉండడు కాబట్టి, సైనికుడికి ఏం తెలియాలో అదంతా ఆ రేకు మీద ఉంచారు. అంతకు మించి ఒక్కటీ పెట్టలేదు.

ఆ నాలుగు ముళ్లను విడివిడిగా కాక కలిపి చదవడంలోనే అసలు విద్య ఉంది. ఫ్యాన్ బెల్టు తెగిందనుకుందాం. ఆ ఒక్క బెల్టే ఇటు డైనమోను, అటు నీళ్ల పంపును తిప్పుతుంది. మొదట కదిలేది ఆంపియర్ ముల్లు. మధ్యలో ఉన్న సున్నా దాటి మైనస్ వైపు పడుతుంది. నీళ్ల ముల్లు మాత్రం ఇంకా నింపాదిగానే ఉంటుంది, అది లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాల్లో బండి ఆపినవాడు బెల్టు మార్చుకుని వెళ్లిపోతాడు. పొగ కనిపించేదాకా నడిపినవాడి ఇంజిన్ హెడ్ వంకరపోతుంది, గాస్కెట్ కాలుతుంది. ఆయిల్ ముల్లు చెప్పే కబురు ఇంకా నెమ్మదైనది. ఇంజిన్ బాగా వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు అది నెలనెలా కాస్త కాస్త కిందికి దిగుతుంటే, బేరింగులు అరుగుతున్నాయని అర్థం. చప్పుడు మొదలయ్యే సరికి చాలా ఆలస్యమవుతుంది.

జీపు దిగి ఫియట్ ఎక్కిన డ్రైవరుకు వెలితిగా తోచేది ఇక్కడే. ఫియట్ 1100 వంశంలో 1974 నుంచి పద్మిని పేరు పెట్టుకున్న ఆ 1089 సీసీ కారు ఎంతో అందమైనది. అందులో ఆయిల్‌కు ముల్లు లేదు, ఛార్జింగ్‌కు ముల్లు లేదు. రెండు ఎర్ర దీపాలే. ఆయిల్ దీపం వెలగాలంటే ప్రెజరు దాదాపు అడుగంటాలి. పరుగులో 40, 50 పౌండ్లు ఉండాల్సిన చోట 20కి పడినా ఆ దీపం పలకదు. అది వెలిగేది చెడు జరగబోతోందని చెప్పడానికి కాదు, జరిగిపోతోందని చెప్పడానికి. మేడారం జాతర దారిలో బండి వెనక బండి గంటల తరబడి పాకే వేళ, గాలి తగలని రేడియేటరుతో ఆ దీపాన్నే నమ్ముకోవడం సాహసం.

అందుకే డాష్‌బోర్డు కింద వేలాడే చిన్న రేకు పట్టీ, దానికి మూడు మీటర్లు పుట్టుకొచ్చాయి. మంచి పనివాడు అసలు డాష్‌బోర్డుకు డ్రిల్లు పెట్టడు. ఉన్న స్క్రూలకే పట్టీ తగిలిస్తాడు, రేపు విప్పితే మచ్చ కనబడకూడదు. ఆయిల్ ప్రెజర్ స్విచ్ ఉన్న చోట టీ జాయింట్ వేస్తే ఎర్ర దీపమూ ఉంటుంది, ముల్లూ వస్తుంది. అక్కడి నుంచి సన్నటి రాగి గొట్టం మీటరులోని బూర్దాన్ చుట్ట దాకా వెళుతుంది. 1849 నాటి ఆ చుట్టే ఇది కూడా. ఇంజిన్ అదురుకు గొట్టం తెగకుండా మధ్యలో ఒక మెలిక వదలాలి, రేకులోంచి దూరే చోట రబ్బరు తొడుగు వేయాలి. లేదంటే కాగే ఆయిలు కాళ్ల మీద చిమ్ముతుంది.

నీళ్ల మీటరు గొట్టం పొడవు ఎక్కువైందని కత్తిరించకూడదు. అందులో నింపిన ద్రవం పోతే మీటరు చచ్చినట్టే. మిగులును చుట్ట చుట్టి కట్టాలి. ఈ ముల్లు విషయంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. వేడిగా ఉన్న ముల్లు ఉన్నట్టుండి చల్లబడితే సంతోషించరాదు. నీళ్లు కారిపోయి గొట్టం కొసన ఉన్న బల్బు గాలిలో తేలితే అది తప్పుడు తక్కువ చూపిస్తుంది. అప్పుడు వెంటనే ఆపాలి.

ఆంపియర్ మీటరు గురించి రెండు అభిప్రాయాలున్నాయి. స్టార్టరుకు వెళ్లేది తప్ప బండి కరెంటంతా దాని గుండానే పోవాలి, కాబట్టి లావు వైరు కావాలి. జాయింట్ వదులైతే వేడెక్కి మంట పుట్టొచ్చు. దాని బదులు వోల్టు మీటరు పెట్టుకోవడమే మేలు. తాళం తిప్పితే కరెంటు వచ్చే చోటి నుంచి సన్న వైరు, ఒక ఫ్యూజు, అర్తింగ్ ఉంటే చాలు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6, ఛార్జింగ్‌లో 14 దరిదాపులు చూపాలి. జీపు ముల్లంత ఆనందం ఇవ్వదు గానీ ఇంటికి భద్రంగా చేరుస్తుంది.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. 1970ల నుంచి కోయంబత్తూరులోని ప్రికాల్ వంటి సంస్థలు ఇక్కడే మీటర్లు తయారు చేస్తున్నాయి. డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. కొత్త కార్లలో కంప్యూటరు చేరాక చాలా చిన్న కార్ల నుంచి నీళ్ల ముల్లే మాయమైంది. ఇంజిన్ చల్లగా ఉంటే నీలి దీపం, మరిగితే ఎర్ర దీపం. ముల్లు మిగిలిన కార్లలోనూ వేడి కొంత అటూ ఇటూ అయినా అది మధ్యలోనే నిలిచేలా కంప్యూటరు చూసుకుంటుంది. అసలు అంకెలు కావాలంటే కారు కంప్యూటరు పోర్టుకు చిన్న పరికరం తగిలించి ఫోన్‌లో చూసుకోవాలి. పద్మినికి ఆ పోర్టు లేదు.

పాత బండికి డిజిటల్ మీటరు పెట్టాలనుకునే కుర్రకారు ముందు బ్యాటరీ ఏ కొన అర్త్ అయిందో చూడాలి. 1960ల మధ్య దాకా చాలా బ్రిటిష్ కార్లు పాజిటివ్ అర్త్‌వి. నేటి ఎలక్ట్రానిక్ మీటరును చూడకుండా కలిపితే క్షణంలో కాలిపోతుంది. ఎలక్ట్రిక్ మీటరుకు ఇంజిన్ దగ్గర కొలిచి కబురు పంపే దాని జత సెండరే వేయాలి, వేరే కంపెనీ సెండరు పెడితే ముల్లు అబద్ధం చెబుతుంది. ఇక వింటేజ్ నిబంధనలు అడ్డుచెప్పేది ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో మార్పులకు. స్క్రూలకు తగిలించి, కావాలంటే విప్పేసే పట్టీ ఆ మూడింటిలో దేన్నీ మార్చదు. ఆ నమోదు తీసుకున్న బండిని రోజువారీ తిరుగుడుకు, కిరాయికి వాడకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతులకు, ఇంధనం నింపించుకోవడానికి బయటికి తీయవచ్చు. వరంగల్ నుంచి హైదరాబాద్‌లో జరిగే ర్యాలీకి సొంత చక్రాల మీద వెళ్లాలనుకుంటే దాదాపు 150 కిలోమీటర్లు. వేసవిలో అయితే తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది.