పాత ఓరుగల్లు దారుల్లో నీలిపూలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లాదే. ఇక్కడి దారి పక్కన పూసే నీలిపూలను జనం రంగును బట్టి కాక, పనిని బట్టి గుర్తుపెట్టుకున్నారు. పూజకో, కూరకో, పిల్లల ఆటకో అక్కరకొచ్చిన మొక్కకు పేరు నిలిచింది. మిగతావన్నీ గడ్డిపూలే.

వినాయక చవితి పత్రులు 21. వాటిలో 11వది విష్ణుక్రాంత, 15వది సింధువారం, అంటే వావిలి. రెండూ నీలిఛాయలో పూసేవే. పత్రికి ఆకే ముఖ్యం కాబట్టి ఈ ఆచారం జనానికి ఆకును చూసి మొక్కను పోల్చుకోవడం నేర్పింది. విష్ణుక్రాంత నేలబారుగా పాకుతుంది. సన్నని ఆకుల మీద పట్టులాంటి నూగు ఉంటుంది, పువ్వు చిటికెనవేలి గోరంత. శంఖుపువ్వుకూ కొన్నిచోట్ల ఇదే పేరుంది. అయితే అది ఎగబాకే తీగ, చిక్కుడులా కాయ కాస్తుంది. తడినేలల్లో మొలిచే వెన్నవెదురు కలుపుమొక్కే, ఆకుకూర కూడా. దాని పువ్వులో రెండు రేకులు పెద్దవి, మూడోది చిన్నది.

బతుకమ్మలో కనిపించే నీలం మాత్రం చాలావరకు అద్దకపు రంగే. తెల్లని గునుగుపూలను రంగునీళ్లలో ముంచి పేరుస్తారు. విష్ణుక్రాంత, వెన్నవెదురు పూలు మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతాయి. గునుగు కోశాక కూడా రోజుల తరబడి నిలుస్తుంది. కారణం వెతకడానికి ఇంతకంటే దూరం పోనక్కరలేదు.

పుస్తకాలకెక్కడంలో ఈ నేల వెనకబడింది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మల గ్రంథాన్ని 1795 నుంచి వెలువరించాడు. మొక్కల తెలుగు పేర్లనూ నమోదు చేశాడు. వృక్షశాస్త్రవేత్త గాంబుల్ వృక్షజాల రచన 1915లో మొదలైంది, కానీ అది మద్రాసు ప్రెసిడెన్సీకే పరిమితం. నిజాం పాలనలోని వరంగల్ దాని హద్దుల్లో లేదు. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక స్థానిక పరిశోధనకు ఊతం దొరికింది. వృక్షశాస్త్రవేత్త పుల్లయ్య రాసిన తెలంగాణ వృక్షజాలం 2015లో వచ్చింది.

ఈ నీలిపూల మొక్కల్ని ఇంటి రాళ్లగోడ సందుల్లో నాటదలిస్తే జనగామ వైపు మెట్టనేలల్లో బతికే విష్ణుక్రాంతే మేలు. దానికి ఎండ కావాలి, నీరు నిలవకూడదు. చిటపటకాయ మొక్క అమెరికా ఖండం నుంచి వచ్చినదైనా, దుంపవేరు వల్ల పగుళ్లలోనూ నిలదొక్కుకుంటుంది. తడి తగిలితే పేలే దాని కాయలు పిల్లల ఆటవస్తువు. ఆ విత్తనాలు ఎగిరి ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి కాబట్టి కాయలు ముదరకముందే తుంచాలి. వెన్నవెదురును మాత్రం గోడ దగ్గరికి రానివ్వకూడదు. అది మట్టి లోపల కూడా పూసి విత్తనం కడుతుంది, పైన ఎంత పీకినా మళ్లీ వస్తుంది.