పద్దుల పుస్తకంలో లేని పద్దు



గత మాసంలో మా పాత ఇంటి అటక దులిపించినప్పుడు ఒక రేకుపెట్టె బయటపడింది. మూత తీసి చూడగా పాత పంచాంగాల క్రింద మా నాన్నగారి జమాఖర్చుల పుస్తకాలు కనిపించాయి. 1956 నుండి 1975 దాకా ఏడాదికొకటి చొప్పున వ్రాసినవి. మూడింటిని చెదలు తినివేయగా పదిహేడు మిగిలాయి. నాన్నగారు తెనాలికి దాపున ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. చాలీచాలని జీతం, ఇంట్లో ఆరుగురు మనుషులు. అందుచేత ఆ పుస్తకాల నిండా ఉన్నది ఆదాయ చరిత్ర కాదు, పొదుపు చరిత్ర. వారం రోజులు వాటిని ముందేసుకొని చదివాను. తోచిన నాలుగు మాటలు ఇక్కడ వ్రాస్తున్నాను.

పొదుపును గురించి మన పూర్వులు ఏమన్నారో ముందుగా చూద్దాం. ధనాన్ని భద్రపరచడం, వ్యయం చేయడం అనే పనులలో భార్యను నియోగించమని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం చెబుతుంది. ఖర్చు విషయంలో ఆమె చేయి వదులుగా ఉండరాదని ఐదవ అధ్యాయం హెచ్చరిస్తుంది. వాత్స్యాయనుని కామసూత్రాలు అనగానే లోకం మరొక విధంగా తలుస్తుంది కాని, అందులోని భార్యాధికారికం చక్కని గృహనిర్వహణ శాస్త్రం. ఏడాది ఆదాయాన్ని లెక్కగట్టి దానికి తగినట్లు వ్యయం చేయాలట. గంజి, ఊక, నూకలు, పొయ్యిలో మిగిలిన బొగ్గులు, ఏదీ పారవేయక వినియోగించుకోవాలట. భర్త అతిగా గాని, అపాత్రంగా గాని ఖర్చు చేస్తుంటే అతనికి రహస్యంగా బోధించాలట. శాస్త్రకారుడు ఇల్లాలికి ఇచ్చిన అధికారమూ, దానికి గీసిన గిరీ రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. చెప్పవచ్చు, కాని నలుగురిలో చెప్పరాదు. మరి ఆమె స్వయంగా తగ్గించుకొన్న ఖర్చును ఎవరు గుర్తించాలి, ఎక్కడ వ్రాయాలి? ఈ ప్రశ్న నాకు ఆ రేకుపెట్టె ముందు కూర్చునేదాకా తట్టలేదు.

నాన్నగారి తొలి పుస్తకాలలో లెక్క అంతా రూపాయలు, అణాలు, పైసలలో ఉంది. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైసలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి నూరు నయాపైసలు. ఆనాటి నుండి రెండేళ్ల పాటు ఆయన ప్రతి పద్దునూ రెండు వరుసలలో వ్రాశారు. అణాకు సరియైన విలువ ఆరుంబాతిక నయాపైసలు. పాతిక నయాపైసకు నాణెం లేదు గనుక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని మార్పిడి పట్టిక ఉండేది. అణా చొప్పున నాలుగుసార్లు కొంటే ఒక లెక్క, నాలుగణాలకు ఒకేసారి కొంటే మరొక లెక్క. ఈ తేడాలో పోయిన ఒక్కొక్క పైసనూ ఆయన అంచున గుర్తించి పెట్టారు. వీశెలు, శేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడూ అంతే. ఇంత సూక్ష్మదృష్టి గల మనిషి వ్రాసిన పుస్తకంలో ఏమి లేదో వెదకాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చింది. జాతీయ రక్షణ నిధికి దేశమంతటా జనం డబ్బు, బంగారం ఇచ్చారు. ఆ నవంబరు పుటలో నాన్నగారి చేతివ్రాత: "రక్షణ నిధికి - బంగారు గాజులు, జత 1." అంతే. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఆ గాజులు అమ్మమ్మ మా అమ్మకు పెట్టినవని పెద్దయిన తరువాత తెలిసింది. అమ్మ మనస్ఫూర్తిగానే తీసి ఇచ్చానని చెప్పేది. ఆ మాటను నేను శంకించను. పంటలు రాగానే మళ్లీ చేయిస్తానని నాన్నగారు మాట ఇచ్చారట.

ఆ మాట నిలబడలేదు. తప్పంతా ఆయనదీ కాదు. 1963 జనవరిలో ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి హయాంలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. పధ్నాలుగు క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చేయరాదన్నారు. బంగారంపై జనం మోజు తగ్గితే దొంగ రవాణా తగ్గుతుందని, విదేశీ మారకం మిగులుతుందని ప్రభుత్వం ఆశ. మోజు తగ్గలేదు, కంసాలుల చేతిలో పని పోయింది. తరతరాలుగా మేలిమి బంగారం చేసిన చేతులకు ఆ కల్తీ లోహం పెళుసు. దేశమంతటా ఎందరో స్వర్ణకారులు జీవనాధారం కోల్పోయారు. మా ఊరి కంసాలి కొలిమి ఆర్పి కూలికి వెళ్లాడని అమ్మ చెప్పేది. 1968లో ఆ నిబంధనల స్థానంలో చట్టమే వచ్చింది. దానిని రద్దు చేసింది 1990లో. అమ్మ చేతులకు ఆనాటి నుండి కడదాకా మట్టి గాజులే. "గాజులు" అన్న పద్దు మాత్రం నాన్నగారి దాన ఖాతాలో ఉంది.

ఇక 1965. ఆ ఏడు నాకు బాగా జ్ఞాపకం. దేశంలో తిండి గింజలకు కటకట. ఆహార సంస్థను ఆ జనవరిలోనే స్థాపించారు. పి.ఎల్. 480 ఒప్పందం క్రింద అమెరికా నుండి గోధుమలు ఓడలలో వస్తే తప్ప గడవని స్థితి. సెప్టెంబరులో పాకిస్థానుతో యుద్ధం, ఆ సహాయం ఆగిపోతుందేమోనన్న భయం. అప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక పూట భోజనం మానమని ప్రజలను కోరారు. సోమవారం రాత్రి హోటళ్లు మూతపడ్డాయి. తొలుత తన ఇంట్లో ఒక పూట పొయ్యి వెలిగించకుండా, పిల్లలు తట్టుకోగలరో లేదో చూసిన తరువాతే ఆయన దేశాన్ని అడిగారని వారి కుమారులు తరువాతి కాలంలో చెప్పారు. ఆయన కుటుంబం ఫియట్ కారు కొనడానికి బ్యాంకులో ఐదు వేలు అప్పు చేసిందని, 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన మరణించిన తరువాత లలితా శాస్త్రిగారు తమ పింఛనులో నుండి ఆ అప్పు తీర్చారని కూడా వారి కుమారులే చెప్పగా విన్నాం. ఈ కథను శాస్త్రిగారి నిజాయితీకి ఉదాహరణగా తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. అప్పు తీర్చిన చేతులు ఎవరివో ఒక్కసారైనా నొక్కి చెప్పలేదు.

మా నాన్నగారు సోమవార వ్రతాన్ని దీక్షగా పట్టారు. పుస్తకంలో ప్రతి సోమవారం ఎదుట "రాత్రి భోజనం లేదు. బియ్యం మిగులు ముప్పాతిక కిలో" అని ఉంటుంది. నెలాఖరున ఆ మిగులును కూడి క్రింద రెండు గీతలు గీసేవారు. ఆయన తన మీద కూడా కత్తెర వేసుకొన్నారు. ఆ ఏడే నశ్యం మానివేశారు. మరుసటి ఏడు జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలున్నది 7.50 అయింది. ధరలు మరింత మండిపోతుంటే కాఫీ ఒక పూటకు కుదించారు, బస్సు మాని నాలుగు మైళ్లు నడిచి బడికి వెళ్లారు. అన్నిటికీ పద్దులున్నాయి. అవి చదువుతుంటే ఆయన మీద గౌరవం పెరిగిందే గాని తరగలేదు.

అయితే ఆ సోమవారం రాత్రులలో మా ఇంట్లో నిజంగా ఏమి జరిగేది? పిల్లలం ముగ్గురం రేషను గోధుమల రవ్వతో చేసిన ఉప్మా తినేవాళ్లం. నాయనమ్మకు అటుకులు. నాన్నగారికి గ్లాసెడు పాలు. అమ్మకు? ఈ ప్రశ్న నేను ఆమెను అడిగింది ముప్పై ఏళ్ల తరువాత, ఆమె మంచాన పడ్డాక. అమ్మ నవ్వి అన్నది: "మీ నాన్నగారికి సోమవారం ఒక్కటే వ్రతంరా. అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉంటే తినేదాన్ని, లేకపోతే లేదు. నాకు వారం లెక్క ఎక్కడిది?"

ఆ మాటలో ఫిర్యాదు లేదు. కాని ఒక చరిత్రకారుడు చేయవలసిన పని ఉంది. ఆ ఏడు సోమవారాల ఉపవాసం దేశచరిత్రలోకి ఎక్కింది. తక్కిన ఆరు రోజుల ఉపవాసం మా ఇంటి చరిత్రలోకి కూడా ఎక్కలేదు. మానిన వస్తువు అంతకు మునుపు పద్దులో ఉంటేనే అది పొదుపుగా కనిపిస్తుంది. నాన్నగారి నశ్యానికి పద్దు ఉంది గనుక మానినప్పుడు మిగులు కనిపించింది. అమ్మకంటూ ఏ పద్దూ లేదు. ఆమె ఏమి మానినా మిగులు "ఇంటి ఖర్చు"లో కలిసిపోయేది.

1974లో మరొక కత్తెర పడింది. చమురు ధరలు పెరిగి దేశంలో ధరలు ఏడాదిలో నూటికి ఇరవైకి పైగా పెరిగిన కాలం. జనం చేతిలో డబ్బు ఆడితే ధరలు ఇంకా పెరుగుతాయని, ఉద్యోగులకు పెరిగిన కరువుభత్యంలో సగం నిర్బంధ డిపాజిట్టుగా పట్టి ఉంచే చట్టం చేశారు. నాన్నగారు దానిని "సర్కారువారి పోపుల డబ్బా" అని వ్రాసుకొన్నారు. ఆ హాస్యానికి నేనూ నవ్వుకొన్నాను. ఆ తరువాత అనిపించింది, అసలు పోపుల డబ్బా మా వంటింట్లో ఉండేది కదా, అందులోని చిల్లరతోనే నా పదవ తరగతి పరీక్ష రుసుము కట్టారు కదా, ఆ పద్దు ఏదీ అని. వెదికాను. లేదు.

ఇంతవరకు వ్రాసి తండ్రిగారిని బోనులో నిలబెట్టి ఊరుకుంటే అది అన్యాయం. నా సంగతి చెప్పాలి.

నేను తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరి, పెళ్లయిన తొలినాటి నుండి నాన్నగారి పద్ధతిలోనే పద్దులు వ్రాశాను. 1991లో దేశం మళ్లీ కటకటలో పడింది. జూలై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. ధరలు పెరిగాయి. మా ఇంట్లో అదే సమయానికి నాన్నగారి వైద్యానికి చేసిన అప్పు ఉంది. ఒక రాత్రి నేనూ నా భార్యా కూర్చుని ఖర్చులు తగ్గించాలని నిశ్చయించుకొన్నాం. నేను రెండు పత్రికలు మానాను, పుస్తకాలు కొనడం మానాను. "ఇంటి ఖర్చు"లో నెలకు వంద కోత పెట్టాను. మూడు నెలలకు లెక్క చూసుకొని తృప్తిపడ్డాను.

ఆ రాత్రి ఆమె పుస్తకం తీసుకొని చాలాసేపు తిరగవేసింది. పుటను కళ్లకు బాగా దూరంగా పట్టుకొని చూస్తున్నది. తరువాత మెల్లగా అడిగింది: "ఏమండీ, ఇందులో నేను ఏ పుటలో ఉన్నాను?"

"ఇంటి ఖర్చంతా నీదే కదా" అన్నాను.

"అది ఇంటిది. నాది అడుగుతున్నాను."

నాకు జవాబు లేదు. అప్పుడు తెలిసింది, ఆమె కళ్లద్దాలు విరిగి నాలుగు నెలలైందని. అప్పు తీరేదాకా చేయించుకోరాదని తనలో తానే నిర్ణయించుకొన్నదట. నేను మానిన రెండింటి తరువాత మిగిలిన ఒక్క వారపత్రికనూ ఆమె ముట్టడం లేదని గమనించాను గాని, సంసారంలో పడి చదువు మీద ఆసక్తి తగ్గిందనుకొన్నాను. పిల్లలకు తెలుగు చదవడం నేర్పే పండితుడి ఇంట్లో ఒక మనిషి చదవలేకపోతున్న సంగతి పండితుడికి తెలియలేదు. వాత్స్యాయనుడు చెప్పినట్లు ఆమె రహస్యంగానే బోధించింది. మరునాడే తెనాలి వెళ్లి అద్దాలు చేయించాం. అప్పు రెండు నెలలు ఆలస్యంగా తీరింది, ఏ ఉపద్రవమూ రాలేదు.

ఆనాటి నుండి మా పుస్తకంలో మూడు వరుసలు: ఇల్లు, నేను, ఆమె. కోత వేయవలసి వచ్చినప్పుడు మూడింటినీ ఎదుట పెట్టుకొని ఇద్దరమూ కలిసి వేశాం. మొదట్లో ఆమె వరుసలో వ్రాయడానికి ఏమీ ఉండేది కాదు. "ఖాళీగా ఉంటే బాగుండదు" అని నెలకు రెండు రూపాయల పూలు వ్రాసుకొన్నది. ఆ తరువాత మెల్లమెల్లగా నిండింది.

ప్రభుత్వాలు పొదుపు చేయమన్నప్పుడు కుటుంబాన్ని ఒకే మనిషిగా భావించి మాట్లాడతాయి. ఇంటి యజమాని కూడా అలాగే భావించి పద్దు వ్రాస్తాడు. కుటుంబం ఒక పూట మానింది, ఒక జత గాజులు ఇచ్చింది, అంటాం. తినే నోళ్లు వేరు, గాజులు తీసిన చేతులు వేరు. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక జీవితకాలం పట్టింది.

1962 నాటి పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. "బంగారు గాజులు, జత 1" అన్న చోట, నాన్నగారి సిరా వ్రాతను చెరపకుండా, ప్రక్కన పెన్సిలుతో "అమ్మవి" అని వ్రాశాను. పాత పత్రాల మీద వ్రాయరాదని శిష్యులకు చెప్పినవాణ్ణే. ఈ ఒక్కదానికి మన్నించండి.

మీ ఇళ్లలో ఇటువంటి పుస్తకాలుంటే దయచేసి పాతకాగితాలవానికి తూకానికి వేయకండి. ఒకసారి తీరికగా చదవండి. వ్రాసినదానితోపాటు వ్రాయనిది కూడా వెదకండి. అమ్మమ్మలు, నాయనమ్మలు బ్రతికి ఉంటే వారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని చదవండి. ఏమి దొరికిందో నాకూ తెలియజేస్తే సంతోషిస్తాను.

సెలవు.