గిటారు పలకలో మన చెట్టు

ఎలక్ట్రిక్ గిటారు మెడపై, తీగల కింద ఉండే ముదురురంగు పలకను మీరు చూసే ఉంటారు. వీణకు లాగే దానికీ లోహపు మెట్లుంటాయి. వేళ్ల రాపిడికి, చెమటకు త్వరగా పాడవని గట్టి కలప దానికి కావాలి.

ఇందుకు పేరుపొందిన బ్రెజిల్ రోజ్‌వుడ్ 1960ల చివరికి అరుదైపోయింది. దాని స్థానంలోకి మన దక్షిణాది అడవుల జిట్రేగి వచ్చింది. 1992లో సైట్స్ ఒప్పందం బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది.

కోసిన చెక్క ఏ జాతిదో పోల్చడం కష్టం. అందుకే 2017 జనవరి 2 నుంచి డాల్బెర్జియా ప్రజాతి మొత్తాన్నీ నియంత్రణ కిందికి తెచ్చారు. ఢిల్లీ రోడ్ల పక్క నీడనిచ్చే శీశం కూడా ఆ ప్రజాతిదే! శీశం హస్తకళా వస్తువుల ఎగుమతికీ పత్రాలు తప్పనిసరి అయ్యాయి. 2019 నవంబరులో తయారైన వాద్యాలకు మినహాయింపు దొరికింది. ముడి కలపకు దొరకలేదు.

ఈలోగా, 2010లలో, గిబ్సన్ కంపెనీ కొన్ని గిటార్లకు రిచ్‌లైట్ పలకలు బిగించింది. కాగితపు పొరలను ఫినాలిక్ రెజిన్‌తో తడిపి, వేడిచేసి అదిమితే రిచ్‌లైట్ తయారవుతుంది. ఆలోచన పాతదే. 1935లోనే రికెన్‌బాకర్ కంపెనీ మరో ఫినాలిక్ పదార్థమైన బేకలైట్‌తో మెడనూ, మెట్లనూ పోతపోసింది.

ఒకనాటి ప్రత్యామ్నాయానికే ప్రత్యామ్నాయం వెతకవలసి వచ్చింది, చూశారా! కొత్త పదార్థం ఏది వచ్చినా ముందు ఈ ప్రశ్న వేయండి: రేపు అందరూ దీన్నే కోరితే, ఇది ఎక్కడినుంచి వస్తుంది?