చర్చి పుస్తకాల్లో తాతముత్తాతలు

ఐజాక్ న్యూటన్ 1642 డిసెంబరు 25న పుట్టాడు. వాళ్ళ ఊరికి దగ్గరలోని కోల్‌స్టర్‌వర్త్ చర్చి రిజిస్టర్‌లో ఆయన బాప్తిస్మం పద్దు ఇప్పటికీ ఉంది. తేదీ జనవరి 1. అయితే ఆ పద్దు ఉన్నది 1642వ సంవత్సరం కిందే! పుట్టడానికి దాదాపు ఏడాది ముందే బాప్తిస్మం ఎలా ఇచ్చారు?

రాసినవాడు పొరబడలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. డిసెంబరు పోయి జనవరి వచ్చినా సంవత్సరం అంకె మారేది కాదు. 1752లో గాని ఈ పద్ధతి పోలేదు. ఆ ఏడాదే సెప్టెంబరులో 11 రోజులు ఎగరగొట్టి, తమ తేదీలను గ్రెగోరియన్ క్యాలెండరుతో సరిపెట్టుకున్నారు. ఇప్పుడు మనం వాడే ఆ క్యాలెండరు ప్రకారం న్యూటన్ పుట్టినరోజు 1643 జనవరి 4. గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడని తరచు చెబుతుంటారు. రెండు క్యాలెండర్లను కలగలిపితేనే ఆ మాట నిలుస్తుంది.

న్యూటన్ గురించి తెలుసుకోవడానికి చర్చి పుస్తకం ఒక్కటే ఆధారం కాదు. కాని ఆ ఊళ్ళోనే గొర్రెలు కాసిన మనిషి సంగతి ఏమిటి? అతని పేరు ఎక్కడైనా రాసి ఉంటే, చాలా మటుకు ఈ రిజిస్టర్‌లోనే రాసి ఉంటుంది. పుట్టినప్పుడు ఒకసారి, పెళ్ళికి ఒకసారి, పోయినప్పుడు ఒకసారి.

ఈ రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. ఒక చర్చి పరిధిలోని ప్రాంతాన్ని పారిష్ అంటారు. ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లోను బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు వారం వారం రాసి పెట్టాలని ఉత్తరువు చేశాడు. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో దాచాలి. రాయకపోతే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. కొత్త పన్ను వేయడానికే ఈ లెక్కలని జనం అనుమానించారు. ఆ అనుమానం మరీ తప్పేమీ కాదు, కాస్త ముందుగా వచ్చిందంతే. 1783లో ఒక్కొక్క పద్దుకు 3 పెన్నీల పన్ను వేశారు. నిరుపేదలకు మినహాయింపు ఇచ్చారు. ఆ తరువాత కొన్ని రిజిస్టర్లలో నిరుపేదల సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది! 1794లో ఆ పన్ను ఎత్తేశారు.

మొదట చాలాచోట్ల మామూలు కాగితం మీదే రాశారు. అది పాడైపోతోందని 1598లో పాత పద్దులన్నీ తోలు కాగితం మీదికి ఎక్కించమన్నారు. ఏటేటా ఒక నకలు బిషప్‌కు పంపాలన్నారు. ఊళ్ళోని పుస్తకం ఎలకల పాలైనా, తడిసి చెడినా, ఈ నకళ్ళే నేడు పరిశోధకులను ఆదుకుంటున్నాయి.

వంశం వెతికేవారు తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి, అంటే ఈ కాలం నుంచి వెనక్కి నడుస్తారు. 1837 జూలై 1 నుంచి ఇంగ్లండులో జనన మరణాలను ప్రభుత్వమే నమోదు చేస్తోంది. అంతకు ముందుకు పోవాలంటే పారిష్ రిజిస్టర్లే దారి. అక్కడే చిక్కు వస్తుంది. 1760లో పెళ్ళాడిన ఒక జాన్ మీ పూర్వీకుడనుకోండి. బాప్తిస్మాల్లో చూస్తే అదే ఇంటిపేరుతో ఇద్దరు జాన్‌లు, ఒకడు 1732లో, ఇంకొకడు 1735లో. ఎవరు మీవాడు? తొందరపడకుండా భూస్థాపనల పేజీలు తిప్పాలి. మొదటివాడు నాలుగేళ్ళకే చనిపోయాడని తేలవచ్చు. ఈ పని చేయనివారు పసితనంలోనే పోయిన బిడ్డకు మనవలను, మునిమనవలను అంటగడతారు. ఇలాంటి వంశవృక్షాలు ఇంటర్నెట్లో కొల్లలు. పైగా ఒక బిడ్డ పోతే తరువాతి బిడ్డకు అదే పేరు పెట్టడం అప్పట్లో మామూలే.

తల్లుల జాడ ఇంకా కష్టం. పాత పద్దుల్లో చాలాచోట్ల తండ్రి పేరే ఉంటుంది, కన్నతల్లి పేరు ఉండదు. ఆమె పుట్టింటి పేరు దొరికేది పెళ్ళి పద్దులోనే. 1754 నుంచి వధూవరులిద్దరూ పెళ్ళి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, రానివారు గీత గీయాలి. అలా మొదటిసారిగా ఆ ఆడవాళ్ళ చేతిరాత మనకు కనబడుతుంది. ఆ తొలి ఏళ్ళలో సుమారుగా పదిమంది వధువుల్లో ఆరుగురు, వరుల్లో నలుగురు గీతే గీశారు.

ఒక్కొక్క కుటుంబం వివరాలనూ ఇలా జత చేస్తూ పోతే ఒక దేశం చరిత్రే బయటపడుతుంది. లండన్ బట్టల వ్యాపారి జాన్ గ్రాంట్, చర్చి గుమాస్తాలు రాసిన జనన మరణాల లెక్కలు కూడి 1662లో ఒక పుస్తకం వేశాడు. ప్రతి 13 మంది ఆడపిల్లలకు 14 మంది మగపిల్లలు బాప్తిస్మం పొందుతున్నారని అందులో చూపాడు. జనాభా శాస్త్రానికి అదే తొలి అడుగు. 1964లో కేంబ్రిడ్జిలో ఏర్పడ్డ పరిశోధక బృందం 404 పారిష్‌ల పద్దులను లెక్కగట్టింది. ఆ పద్దులను ఓపిగ్గా లెక్కించిపెట్టినవారిలో చాలామంది తమ ఊరి చరిత్ర మీద ఇష్టం ఉన్న మామూలు మనుషులే. పూర్వకాలం ఇంగ్లండులో ఆడపిల్లలకు చిన్నతనంలోనే పెళ్ళిళ్ళయ్యేవన్న ఊహ ఈ పరిశోధనలతో పోయింది. 17వ శతాబ్దంలో వాళ్ళ తొలి పెళ్ళి సగటు వయసు దాదాపు 25, 26 ఏళ్ళు.

అయినా ఇవి చర్చి రాసుకున్న పుస్తకాలని మరవకూడదు. వీటిలో ఉన్నది బాప్తిస్మం, పుట్టుక కాదు. బాప్తిస్మానికి ముందే పోయిన శిశువు ఆ జాబితాకు ఎక్కదు. క్వేకర్లు, బాప్టిస్టుల పిల్లలు సాధారణంగా ఇక్కడ కనిపించరు. 1640ల అంతర్యుద్ధంలో ఎన్నో చోట్ల పేజీలకు పేజీలు ఖాళీ.

పేరు ఉన్నంత మాత్రాన దారి దొరుకుతుందనీ లేదు. 1614లో ఈస్టిండియా కంపెనీ ఓడలో ప్యాట్రిక్ కోప్‌లాండ్ అనే పాస్టరు బంగాళాఖాతం తీరానికి చెందిన ఒక అబ్బాయిని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. అతనికి ఇంగ్లీషు, లాటిన్ నేర్పాడు. 1616 డిసెంబరు 22న లండన్‌లోని సెయింట్ డయోనిస్ బ్యాక్‌చర్చిలో అతనికి పీటర్ అనే పేరుతో బాప్తిస్మం ఇచ్చారు. ఆ పేరు ఎంచింది మొదటి జేమ్స్ రాజు. పీటర్ లాటిన్‌లో రాసిన ఉత్తరాలు 1622లో అచ్చయ్యాయి కూడా. అతను ఏ ఊళ్ళో పుట్టాడో, కన్నవాళ్ళు ఏమని పిలిచేవారో ఆ చర్చి రిజిస్టర్‌లో రాయలేదు.