పియానో యాక్షన్ బిగుతు

పియానో యాక్షన్ బిగుతు అనగా పియానోలోని కదిలే చెక్క భాగాలు తేమ వలన బిగుసుకుపోయి, నొక్కిన మెట్టు లేదా సుత్తి వెంటనే వెనుకకు రాకపోవడం. దీనిని సరిచేయడానికి ఆల్కహాలు, నీరు కలిపిన ద్రావణాన్ని వాడే పద్ధతి పియానో మరమ్మత్తుదారులలో చాలాకాలంగా ఉన్నది.

నిర్మాణం

మెట్టు కదలికను తీగను కొట్టే సుత్తికి అందించే యంత్రాంగాన్ని యాక్షన్ అంటారు. సుమారు 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో బార్తొలొమేయో క్రిస్టోఫోరి దీనికి తొలిరూపం ఇచ్చాడు. నేటి పియానోలో 88 మెట్లు ఉంటాయి. ఒక్కొక్క మెట్టుకు సంబంధించిన భాగాలు సన్నని లోహపు ఇరుసులపై తిరుగుతాయి. వీటిని సెంటర్ పిన్నులు అంటారు. వీటి మందం సుమారు 1.3 మి.మీ. మాత్రమే. మొత్తం పియానోలో ఇటువంటివి 300కు పైగా ఉంటాయి. పిన్ను తిరిగే రంధ్రానికి లోపల ఉన్ని గుడ్డను అంటిస్తారు. ఇదే బుషింగు.

కారణాలు

ఉన్ని, చెక్క రెండూ గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతాయి. అప్పుడు గుడ్డ పిన్నును గట్టిగా పట్టుకుంటుంది. గుంటూరు వంటి పట్టణాలలో ఎండాకాలపు పొడి వేడిమి తరువాత వర్షాకాలపు తేమ వస్తుంది. అందువలన బ్రాడీపేటలోని ఒక ఇంటిలో ఉన్న పియానో వేసవిలో తేలికగా పలికి, వానలు మొదలయ్యాక బరువెక్కడం సహజమే. పిన్నులోని రాగి పాత కొవ్వు పదార్థాలతో కలిసి ఆకుపచ్చని చిలుముగా మారడం మరొక కారణం.

లోపాన్ని గుర్తించడం

ముందుగా లోపం మెట్టులో ఉన్నదా, యాక్షన్‌లో ఉన్నదా అని తేల్చుకోవాలి. యాక్షన్‌ను బయటకు తీసిన తరువాత కూడా మెట్టు చేతితో తేలికగా కదలకపోతే లోపం మెట్టుదే. మెట్టు తేలికగా కదులుతూ సుత్తి మాత్రం నెమ్మదిగా తిరిగివస్తే, లోపం చాలావరకు బుషింగులో ఉంటుంది.

ద్రావణం పనిచేసే తీరు

ఇందులో అసలు పని నీటిది. తడిసిన గుడ్డ మరింత ఉబ్బుతుంది. కాని ఒకవైపు చెక్క, మరొకవైపు పిన్ను ఉండటం వలన దానికి చోటు చాలక అణిగిపోతుంది. ఆరిన తరువాత మునుపటి కంటే పలుచబడి, పిన్నుకు కొద్దిగా ఖాళీ ఇస్తుంది. ఆల్కహాలు నీటిని గుడ్డలోనికి త్వరగా చేర్చి, తాను త్వరగా ఆవిరైపోతుంది. నాలుగు పాళ్ళ ఆల్కహాలుకు ఒక పాలు నీరు వాడే మిశ్రమాలలో ఒకటి. నీరు పెరిగేకొద్దీ ప్రభావంతో పాటు ప్రమాదమూ పెరుగుతుంది.

సన్నని సూది గల సిరంజితో బుషింగుకు ఇరువైపులా ఒక్కొక్క చుక్క మాత్రమే వేసి, పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉన్నప్పుడు బిగుతు తగ్గినట్లు కనిపించదు. కనుక ఆరకముందే మరల వేయరాదు.

జాగ్రత్తలు

* నీరు తీగలను, ఇనుప స్ప్రింగులను తుప్పు పట్టిస్తుంది. పాత పియానోలలోని జంతు సంబంధమైన జిగురును కరిగిస్తుంది.
* ఆల్కహాలు లక్క పూతను చెడగొడుతుంది.
* మిథైల్ ఆల్కహాలు విషం. ఏ ఆల్కహాలు అయినా మంటకు దూరంగా, గాలి ఆడే చోట వాడాలి.
* నూనె కలిసిన స్పిరిట్టు గాని, యంత్రాల నూనె గాని వాడరాదు. నూనె గుడ్డలో నిలిచి, దుమ్మును పట్టి, బిగుతును పెంచుతుంది.
* వానాకాలంలో అతిగా వదులు చేస్తే వేసవిలో సుత్తులు పక్కలకు ఊగి, టకటక శబ్దం వస్తుంది.

పరిమితులు

చిలుము పట్టిన పిన్నులకు ఈ పద్ధతి శాశ్వత పరిష్కారం కాదు. వాటిని తీసి కొత్తవి వేయాలి. తేమ సమస్యను తప్పించడానికి స్టెయిన్‌వే సంస్థ 1960లలో గుడ్డకు బదులు టెఫ్లాన్ బుషింగులను ప్రవేశపెట్టింది. అయితే చుట్టూ ఉన్న చెక్క ఉబ్బి, కుంచించుకుపోతుండగా టెఫ్లాన్ అలా మారకపోవడంతో కొత్త ఇబ్బందులు తలెత్తాయి. 1980లలో సంస్థ తిరిగి గుడ్డకే మారింది. టెఫ్లాన్ బుషింగులపై ఈ ద్రావణం పనిచేయదు.

గుంటూరు, తెనాలి ప్రాంతాల పద్య నాటకాలలో వాడే హార్మోనియానికి కూడా ఈ పద్ధతి తగదు. అందులో గాలిని ఆపే మూతలకు తోలు ఉంటుంది. తడిసి ఆరిన తోలు గట్టిపడి గాలి కారుతుంది.

ఇవి కూడా చూడండి

* పియానో
* హార్మోనియం
* ఆర్ద్రత