మూడు నిమిషముల సాక్ష్యము

శతవార్షికోత్సవ సంచికలలో బిషప్పుల పేర్లు, దేవాలయముల పునాదిరాళ్ళ తేదీలు, పాఠశాలల, ఆసుపత్రుల వివరములు ఉంటాయి. అవి ఉండవలసినవే. అయితే ఒక పట్టణములో సామాన్యులు ఎట్లు నడిచారో, ఏమి ధరించారో, ఆరాధన ముగిసిన తరువాత గుడి మెట్లపై నిలిచి ఎట్లు మాటలాడుకొన్నారో మినిట్స్ పుస్తకములలో దొరకదు. గ్రూపు ఫోటోలోనూ దొరకదు. అందులో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. అట్టి సంగతులను దాచియుంచిన ఒక సాధనమును గూర్చి ఇచట మనవి చేయదలచాము. అది కుటుంబముల వారు తమ కొరకు తీసుకొన్న చిన్న సినిమా, అనగా హోమ్ మూవీ.

1923లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ 16 మిల్లీమీటర్ల ఫిల్మును, దానికి తగిన కెమెరాను విడుదల చేసినది. నాటి సినిమాహాళ్ళ ఫిల్ము వలె ఇది సులభముగా అంటుకొనదు గనుక ఇంట ఉంచుకొనుటకు భయము లేకపోయెను. 1932లో ఇంకను చౌకయైన 8 మిల్లీమీటర్ల ఫిల్ము, 1935లో కొడాక్రోమ్ రంగుల ఫిల్ము, 1965లో సూపర్ 8 వచ్చాయి. 16 మిల్లీమీటర్ల 100 అడుగుల రీలు ఆడేది సుమారు 4 నిమిషములే. కాబట్టి పెండ్లి, ప్రయాణము, పసిబిడ్డ వంటి ముఖ్యమైన వాటినే తీసేవారు. కాని కెమెరా యజమాని కోరిన దానిని మాత్రమే చూడదు. పెండ్లికుమార్తె వెనుక వీధి, వీధిలో అంగడి, అంగడి ముందు దారిన పోయేవారు అందరూ అందులో పడతారు. నాడు ఎవరూ లెక్కచేయని ఆ వెనుక భాగమే నేడు చరిత్ర అయినది.

ఇందుకు పోలండు దేశమందలి నాషెల్స్క్ అను చిన్న పట్టణము గొప్ప నిదర్శనము. ఇది వార్సాకు సుమారు 50 కిలోమీటర్ల దూరములో ఉన్నది. ఆ ఊరిలో పుట్టి బాల్యములోనే అమెరికా చేరిన డేవిడ్ కర్ట్స్ గారు 1938లో భార్యతోను, స్నేహితులతోను యూరపు యాత్ర చేస్తూ, ఆగస్టు నెలలో తన జన్మస్థలమును దర్శించారు. చేతిలోని 16 మిల్లీమీటర్ల కెమెరాతో అచట సుమారు మూడు నిమిషములు తీశారు. అందులో కొంత రంగులలో ఉన్నది, శబ్దము లేదు. యూదుల సమాజమందిరము నుండి జనులు బయటికి వస్తారు. పిల్లలు ఒకరినొకరు తోసికొంటూ కెమెరా ముందుకు వస్తారు. తరిమినా మరల వచ్చి నవ్వుతారు. అంతే. ఏ ఊరిలోనైనా జరిగేదే.

మరుసటి సంవత్సరము సెప్టెంబరులో జర్మను సేనలు పోలండుపై దండెత్తాయి. 1939 డిసెంబరు 3న నాషెల్స్కులోని యూదులను ఇండ్ల నుండి వెళ్ళగొట్టి రైళ్ళలో ఎక్కించారు. తరువాత వారిలో అనేకులు ట్రెబ్లింకా మరణ శిబిరములో హతమైరి. యుద్ధమునకు ముందు ఆ ఊర సుమారు 3,000 మంది యూదులు ఉండగా, మిగిలినవారు నూరుగురికన్న తక్కువ. సమాజమందిరము కూడా నిలువలేదు.

2009లో కర్ట్స్ గారి మనుమడు గ్లెన్ కర్ట్స్ ఫ్లారిడాలోని తలిదండ్రుల ఇంటి అలమారాలో ఆ రీలును కనుగొన్నారు. అది ముడుచుకొనిపోయి, ప్రొజెక్టరులో ఆడలేని స్థితిలో ఉన్నది. వాషింగ్టనులోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియమునకు ఇవ్వగా నిపుణులు దానిని బాగుచేయించి, అందరూ చూచుటకు ఇంటర్నెట్టులో పెట్టారు.

బొమ్మ దక్కినది గాని పేర్లు దక్కలేదు. ఆ మూడు నిమిషములలో 150కి పైగా ముఖములు ఉన్నాయి. వారెవరో ఎవరు చెప్పాలి? 2011లో ఒకామె ఆ రీలు చూస్తూ, నవ్వుచున్న ఒక బాలుని ముఖములో తన తాతగారిని గుర్తించినది. ఆయన మారిస్ చాండ్లర్ గారు. నాడు 13 ఏండ్లవాడు. మారుపేరుతో, కథోలిక క్రైస్తవునిగా చెలామణియై ప్రాణము దక్కించుకొన్నవాడు. ఎనభై దాటిన వయస్సులో ఆయన తెరపైనున్న కొందరి పేర్లు చెప్పారు, పిల్లల టోపీలను బట్టి వారు ఎట్టివారో వివరించారు. మసకబారిన ఒక అంగడి బోర్డులోని అక్షరములను కూడా పరిశోధకులు కూడబలుక్కొని చదివారు. గ్లెన్ గారు 2014లో దీనిని పుస్తకముగా వ్రాశారు. 2021లో బియాంకా స్టిగ్టర్ గారు డాక్యుమెంటరీ తీశారు. ఇంత శ్రమ చేసినను పేర్లు తెలిసినది కొద్దిమందికే. మిగిలినవారు నవ్వుతూనే ఉన్నారు, పిలుచుటకు మనకు పేరు లేదు.

ఇది దూరదేశపు సంగతి అని అనుకొనరాదు. మన దేశములో నివసించిన ఆంగ్లేయ కుటుంబములు తీసిన ఇట్టి రీళ్ళు అనేకము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు దక్షిణాసియా అధ్యయన కేంద్రములో భద్రముగా ఉన్నాయి. వాటిలో దొరగారి పేరు, దొరసాని పేరు తెలుస్తాయి. ప్రక్కన బిడ్డనెత్తుకొన్న ఆయా, గుఱ్ఱము పట్టుకొన్న మనిషి మన వారే. వారిలో ఎందరికో పేరు లేదు.

కాబట్టి మన సంఘ సభ్యులకు మా మనవి ఇది. మీ ఇంటి ట్రంకు పెట్టెలలో, పాస్టరేట్ బీరువాలలో పాత రీళ్ళు, వీడియో క్యాసెట్లు ఉండవచ్చును. వినెగరు వాసన వచ్చే రీలు చెడిపోవుచున్నదని గ్రహించండి. పాత ప్రొజెక్టరులో ఆడించరాదు. ముడుచుకొన్న ఫిల్ము పండ్లకు తగిలి చినిగిపోవును. చల్లని, పొడి స్థలములో ఉంచి, తెలిసినవారి చేత కాపీ చేయించండి. కాపీ అయినదని అసలును పారవేయవద్దు.

అంతకన్న ముఖ్యమైనది మరొకటి. ఆ బొమ్మలను మన వృద్ధుల ఎదుట నిదానముగా ఆడించి, బైబిలు స్త్రీ ఎవరు, గంట కొట్టిన తాత ఎవరు, వంటశాలలో గరిటె పట్టినది ఎవరు అని అడిగి పేర్లు వ్రాయండి. ఫిల్ము చల్లని గదిలో నూరేండ్లు ఉండగలదు. పేర్లు తెలిసిన మనుష్యులు అన్నాళ్ళు ఉండరు. ఈ నూరేండ్ల సంఘమును మోసినవారిలో పునాదిరాతిపై పేరు చెక్కబడినవారు కొందరే. తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలిచే కాపరికి మిగిలినవారందరూ తెలుసు. మన పిల్లలకు కూడా వారు తెలియుట మన చేతిలోని పని.